నూట ఒకటో ఏడుపు

ఎలూల్ 1, సోమవారం

మా యూదుల సంవత్సరంలో ఈ ఆఖరి నెల మొదలైందంటే పొద్దున ప్రార్థన చివర పొట్టేలు కొమ్ము వినపడాలి. మా సినగాగ్‌ మందిరంలో ముప్ఫై ఏళ్ళుగా ఊదేది హెర్షల్ అన్నయ్య. పక్కన నిలబడి ఏ స్వరం ఊదాలో పేరు పిలిచేది నేను, ఇరవై రెండేళ్ళుగా. ఇవాళ మా గురువు, రబ్బీ టోవా గారే తంటాలు పడి ఒక్కటి ఊదారు. దూడ అరిచినట్టుంది. అన్నయ్య చివరి బెంచీలో పై పెదవి మీద వేలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పదకొండు కుట్లు పడ్డ చోటు ఇంకా ఎర్రగానే ఉంది. ఫిబ్రవరి నుంచి ఆ మచ్చ నాకు కనపడనట్టే నటిస్తున్నాను.

బయటికి వచ్చాక, నెలాఖరుకి నువ్వే ఊదుతావులే అన్నాను. "పక్క నుంచి గాలి పోతోందే బ్రైనా, పంక్చరైన టైరు ఇది" అన్నాడు. విన్నిపెగ్ వీధుల్లో ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు, ఇంకెలా మాట్లాడతాడు.

ఆ దెబ్బకి కారణమైన కుర్రాడి మీద నాకు ద్వేషం లేదు. పోయినవాడి మీద ద్వేషం ఏమిటి. ఊరికే రాసి పెట్టుకుంటున్నాను.

ఎలూల్ 2, మంగళవారం

గ్యాలరీ వాళ్ళు ఒప్పుకున్నారు! మెయిన్ స్ట్రీట్‌లో మూతపడ్డ బూట్ల దుకాణం అద్దాల కిటికీ నాకిస్తారట. తేదీ నేనే అడిగి తీసుకున్నాను. ఎలూల్ ఇరవై తొమ్మిది, కొత్త సంవత్సరానికి ముందు రోజు. నెలంతా ఊదిన కొమ్ము ఆ ఒక్క రోజు ఎక్కడా ఊదరు. ఆ ఖాళీ రోజే నాకు కావాలి.

వాళ్ళకి రాసిచ్చింది ఇక్కడా ఎక్కిస్తాను. "పాత యుద్ధంలో ఓడిపోయిన శత్రు సేనాపతికి ఒక తల్లి ఉంది. కొడుకు అప్పటికే చచ్చిపోయాడని తెలియక, అతని రథం చప్పుడు కోసం కిటికీ దగ్గర నిలబడి ఎదురు చూసింది. ఆమె నూరుసార్లు ఏడ్చిందనీ, అందుకే కొత్త సంవత్సరం రోజున మేము నూరుసార్లు కొమ్ము ఊదుతామనీ మా పెద్దలు చెప్పారు. ఈ ప్రదర్శనలో కళాకారిణి కిటికీలో నిలబడి ఆ నూరు ఏడుపులూ తన గొంతుతో ఏడుస్తుంది."

బాగా కుదిరింది. ఇందులో మా ఇంటి సంగతి ఒక్క ముక్క కూడా లేదు. శుద్ధమైన కళ.

ఎలూల్ 5, శుక్రవారం

సబ్బాతు రొట్టె, పొగబెట్టిన చేప పట్టుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళాను, ఈ సంగతి చెబుదామని. మొదట నవ్వాడు. "నది గడ్డకడితే దాని మీద పదకొండు గంటలు కూర్చుని కళ అన్నావు. అమ్మ బూట్లన్నీ నెత్తిన పెట్టుకుని బస్టాండులో తిరిగి కళ అన్నావు. నా బస్సు ఎక్కి నేనెవరో తెలియనట్టు కూర్చున్నావు చూడు, నాకు అదొక్కటే అర్థమైంది. ఇప్పుడు ఏడవడానికి కూడా కిటికీ ఇస్తున్నారా? మన పెద్దత్త ఊరికే ఏడ్చేదే, పాపం" అన్నాడు.

తర్వాత, ఎవరి తల్లి అని అడిగాడు. సేనాపతి తల్లి అన్నాను. ఫోర్కు కింద పెట్టేశాడు.

"ట్రెవర్ హాకెట్ తల్లి అని చెప్పవే."

కాదన్నాను. మూడు వేల ఏళ్ళ కిందటి కథ అన్నాను. వినలేదు. ఆ ఫిబ్రవరి పొద్దున తాను సినగాగ్ తలుపు తీస్తుంటే అద్దం పగిలి మూతి మీద పడ్డ సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఇటుక విసిరిన ట్రెవర్ మొహం తనకి ఇంకా కళ్ళ ముందే ఉందన్నాడు. వాడు కారెక్కి పారిపోయి, ఇరవై నిమిషాల్లో ఊరి అంచున మంచు మీద జారి లారీ కిందికి పోవడం గురించి మాత్రం ఏమీ అనలేదు. ఇరవై మూడేళ్ళవాడు.

"ఆవిడ కోసం నువ్వు ఆ కిటికీలో నిలబడితే ఇక నా పక్కన నిలబడక్కర్లేదు. ఈ ఏడనే కాదు. ఎప్పుడూ."

చేప అలాగే మిగిలిపోయింది. కట్టి ఇచ్చాడు. కోపంలో కూడా కట్టి ఇస్తాడు, మా అమ్మ పెంపకం.

ఎలూల్ 8, సోమవారం

చేస్తాను.

ఎలూల్ 9, మంగళవారం

ప్రదర్శనకి గౌను కావాలి. బీరువాలో బూడిదరంగు ఊలు గౌను ఒకటి దొరికింది, పొడుగు ఎక్కువ. అంచు మడిచి కుట్టించుకుందామని సెల్కర్క్ అవెన్యూలో బట్టలు సరిచేసే కొట్టుకి వెళ్ళాను. మా ఇంటికి రెండు వీధుల అవతల ఇంకో కొట్టు ఉన్న మాట నిజమే. అక్కడ కుట్టు సరిగా ఉండదు.

బోర్డు మీద డార్లీన్ అని ఉంది. ఆ పేరు ఫిబ్రవరిలో టీవీలో విన్నానేమో, విని ఉండొచ్చు. నాతో పనేమిటి, అంచు కుట్టడం.

నన్ను చిన్న పీట మీద నిలబెట్టింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ తిరిగి గుచ్చింది. నాకంటే ఐదారేళ్ళు చిన్నదై ఉంటుంది. చేతులు కిందికి దించండి, ఊపిరి బిగబట్టకండి, అంది. అంతలో వీధిలో సైలెన్సర్ చెడిన కారేదో పెద్ద చప్పుడు చేసుకుంటూ పోయింది. ఆమె తల చటుక్కున లేచింది. కారు మలుపు తిరిగిపోయేదాకా కిటికీలోంచి చూసింది. "అలవాటైపోయింది" అంది, సూదుల మధ్య నుంచి.

ఇంటికి వచ్చి ఆ తల లేపడాన్ని అద్దం ముందు నిలబడి అభ్యాసం చేశాను. బాగా వచ్చింది.

ఎలూల్ 11, గురువారం

సినగాగ్ కమిటీ నుంచి ఫోన్. శత్రువుల మీద జాలి పడటానికి నీకు ఈ ఊరే దొరికిందా అని అడిగారు. వచ్చి చూడండి, టిక్కెట్టు లేదు అన్నాను.

సాయంత్రం టోవా గారి దగ్గరికి వెళ్ళి ఏడుపులు వినిపించాను. తెకియా అంటే నిడుపాటి ఒక్క స్వరం. షెవారిమ్ అంటే మూడు మూలుగులు. తెరువా అంటే తొమ్మిది వెక్కిళ్ళు. ఆ తల్లి మూలిగిందా, వెక్కిందా అని పూర్వం పెద్దలు తగువు పడి, ఎటూ తేల్చుకోలేక రెండూ ఊదమన్నారు. టోవా గారు ఓపిగ్గా అన్నీ విని, నూట ఒకటి అని కూడా అంటారు తెలుసా అన్నారు.

"నూరు మనం ఊదేస్తాం. మిగిలిన ఒక్కటీ ఆవిడకి వదిలేస్తాం. అది ఒట్టి తల్లి ఏడుపు. అందులో ఇంకెవరికీ వాటా లేదు."

ప్రదర్శనకి నిండు అంకె ఉంటేనే బాగుంటుందన్నాను. ఇదంతా ఎందుకు చేస్తున్నావు అని అడిగారు. గ్యాలరీకి రాసిచ్చిందే అప్పజెప్పాను. అది కాగితం మీద ఉన్నదే కదా అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, నాకు చెబుతుంది.

ఎలూల్ 15, సోమవారం

అన్నయ్యని క్షమించమని అడిగాను. నిన్ను నొప్పించినందుకు, అన్నాను. మానేస్తున్నావా అన్నాడు. లేదన్నాను. అయితే లేదన్నాడు.

ఎలూల్ 17, బుధవారం

మళ్ళీ వెళ్ళాను. వంటింట్లో కొమ్ము పట్టుకుని కష్టపడుతున్నాడు. ఊదితే సగం గాలి, సగం ఉమ్మి. నన్ను చూసి టవల్ కింద దాచేశాడు. ఈసారి కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. మళ్ళీ అడిగాను, మళ్ళీ లేదన్నాడు.

గుమ్మం దాకా వచ్చి అన్నాడు: "ఇక రావద్దు. మూడోసారి కూడా అడిగి, నేను కాదన్నాననుకో, తప్పు నీ మీద నుంచి దిగి నా నెత్తికెక్కుతుంది. మన లెక్క అదే కదా. నాకు ఈ మూతి చాలు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే వాడి పెదవి ఒక పక్కకే లేస్తోంది. ఇల్లు చేరేదాకా ఏడుపు ఆపుకున్నాను. ఇంటికొచ్చాక చూస్తే ఏడుపు లేదు. ఫిబ్రవరి నుంచి ఇంతే, రాదు. గొంతుతో చేసేది వేరు.

ఎలూల్ 18, గురువారం

గౌను ఒకసారి వేసి చూపించమంది డార్లీన్. పీట ఎక్కాను. అంచు చుట్టూ సూదులు సరిచేస్తోంది. పై నుంచి ఆమె పాపిట కనిపిస్తోంది, వేళ్ళ మీద సూది పోట్లు కనిపిస్తున్నాయి. ఇక ఉండలేకపోయాను. మా అన్నయ్య పేరు హెర్షల్ జెలికోవ్ అన్నాను.

ఆమె నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి, మణికట్టుకి కట్టుకున్న చిన్న దిండులో గుచ్చింది. ఐదు. లేచి నిలబడింది.

"మీవాళ్ళెవరో ఒకరు వస్తారనే చూస్తున్నా ఇన్నాళ్ళూ. తిట్టడానికి వస్తారనుకున్నా. అంచు కుట్టించుకోవడానికి వస్తారనుకోలేదు."

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. నేను ప్రదర్శన గురించి చెప్పాను. సేనాపతి తల్లి గురించి, నూరు ఏడుపుల గురించి, కిటికీ గురించి. మీ బాధని గౌరవించడానికే అన్నాను. గౌరవించడానికి! ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

ఆమె గొంతు పెంచలేదు. "నా ఏడుపు మీరు ఏడవడం ఏంటండీ? వాడు చేసింది తప్పు. కోర్టుకి వెళ్ళుంటే నేనే నిలబడి చెప్పేదాన్ని. కానీ వాడు నా కొడుకు. చర్చిలో ఏడిస్తే, అలాంటివాడి కోసమా అన్నట్టు చూస్తారు నన్ను. అందుకని ఇంట్లో కుళాయి తిప్పుకుని ఏడుస్తా, పక్కవాళ్ళకి వినపడకుండా. మీరేమో మెయిన్ స్ట్రీట్‌లో అద్దంలో నిలబడి ఏడుస్తారు. మీకు చప్పట్లు కొడతారు."

గౌను విప్పి ఇచ్చాను. సూదులతో సహా సంచీలో పెట్టి చేతికిచ్చింది. కుట్టలేదు. నేను కుట్టను, తీసుకెళ్ళండి, అంది.

బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే సూదులు తొడకి గుచ్చుకున్నాయి. జరపకుండా అలాగే పెట్టుకున్నాను.

ఎలూల్ 19, శుక్రవారం

ఏమీ లేదు.

ఎలూల్ 22, సోమవారం

గ్యాలరీకి ఫోన్ చేసి మానేస్తానని చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కాను. రెండుసార్లూ పెట్టేశాను. ఎందుకు పెట్టేశానో నాకు తెలుసు. ఆ తెలిసినదాన్ని ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో కూడా రాయలేదు. ఇక్కడ కూడా అబద్ధమాడితే ఇంకెక్కడ నిజం చెబుతాను.

ఫిబ్రవరిలో ఆ రోజు మధ్యాహ్నం ఆసుపత్రిలో ఉన్నాను. అన్నయ్యకి కుట్లు వేసి పడుకోబెట్టారు. వరండాలో పోలీసు వచ్చి, ఇటుక విసిరినవాడు లారీ కింద పడి చనిపోయాడని చెప్పాడు. నేను ఏమన్నానో అక్షరం అక్షరం గుర్తుంది. "మంచి పని జరిగింది" అన్నాను. పోలీసు నేల వైపు చూశాడు. అన్నయ్య కోటు జేబులో చిన్న విస్కీ సీసా ఎప్పుడూ ఉంటుంది, పొద్దున ప్రార్థన అయ్యాక ముసలాళ్ళకి తలా ఒక గుటక పోయడానికి. అది తీసి, మూత తిప్పి, జీవితానికి, లెహాయిమ్ అని తాగాను. అన్నయ్య పెదవికి కట్టు ఉంది కాబట్టి వాడి తరఫున రెండో గుటక కూడా నేనే తాగాను. రుచిగా ఉంది. చాలా రుచిగా ఉంది. పెళ్ళిలో తాగినట్టు తాగాను.

ఆ సాయంత్రం ఆరు గంటల వార్తల్లో ఒక ఇల్లు చూపించారు. కిటికీలో ఒక ఆడమనిషి నిలబడి వీధిలోకి చూస్తోంది. కెమెరాని చూడటం లేదు. అప్పటికి ఆమెకి కబురు అందిందో లేదో. నేను టీవీ కట్టేశాను.

సేనాపతి తల్లి ఆ తర్వాతే గుర్తొచ్చింది. కళ కూడా ఆ తర్వాతే.

ఎలూల్ 24, బుధవారం

మానను. కానీ గ్యాలరీకి వెళ్ళి ఆ కాగితం వెనక్కి తీసుకున్నాను. దాని బదులు ఒక్క వాక్యం రాసిచ్చాను: "శత్రువు చనిపోయిన రోజున పండగ చేసుకున్న మనిషి నూరుసార్లు ఏడుస్తుంది." ఇది మరీ పచ్చిగా ఉందండీ అని గ్యాలరీ అమ్మాయి నసిగింది. అవును, పచ్చిగానే ఉంది, అద్దానికి అంటించమన్నాను.

నూరే. నూట ఒకటోదాని జోలికి పోను. అది కుళాయి తిప్పుకుని ఏడ్చే మనిషిది. ఆమెకి ఈ ముక్క చెప్పలేను, మొహం చెల్లదు. కొట్టు తలుపు కింద నుంచి చీటీ తోసి వచ్చాను: తేదీ, చోటు, మీ ఏడుపు కాదు నాది అని ఒక్క మాట. విస్కీ సంగతి చీటీలో రాయలేదు. అద్దం మీద ఉన్న వాక్యం చదివితే తెలుస్తుందిలే అనుకున్నాను. ఇది పిరికితనమే.

ఎలూల్ 29, సోమవారం

పొద్దు గుంకితే కొత్త సంవత్సరం, కలం ముట్టుకోకూడదు. ఇంకా గంటంబావు ఉంది. గొంతు పోయింది, చెయ్యి ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి కిటికీలో నిలబడ్డాను. సూదులు గుచ్చిన గౌనే వేసుకున్నాను, అంచు ఒక పక్క కిందికి జారింది. ప్రతి నిమిషానికీ ఒకటి. సినగాగ్‌లో ఊదే వరసలోనే, తెకియా, షెవారిమ్, తెరువా. మొదట్లో జనం ఆగి, అద్దం మీద వాక్యం చదివి, మొహాలు చూసుకుని పోయారు. కమిటీ నుంచి ఇద్దరు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. టోవా గారు వచ్చి చివరిదాకా కదల్లేదు. ముప్ఫై అయ్యేసరికి నేను నటిస్తున్నానని నాకే తెలిసిపోయింది. బాగా నటిస్తున్నాను, అదే సిగ్గుగా ఉంది. యాభై దాటాక గొంతు బొంగురుపోయి, నటించడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత వచ్చినవి ఎలా ఉన్నాయో నాకు తెలియదు.

తొంభై దాటాక లెక్క తప్పింది. ఇరవై రెండేళ్ళుగా వేరొకరి కోసం పిలిచినదాన్ని, నా కోసం పిలిచేవాళ్ళు లేక ఎక్కడున్నానో మరిచిపోయాను. ఊదేవాడు తన ఊపిరి తాను లెక్కపెట్టుకోలేడు, అందుకే పక్కన ఇంకో మనిషిని నిలబెడతారు. ఇన్నాళ్ళూ అదేదో మర్యాద కోసం అనుకున్నాను. ఆగిపోయాను. తొంభై ఏడా, నూరు అయిపోయిందా? ఒకటి ఎక్కువైతే అది ఆమెది. ఒకటి తక్కువైతే మోసం. అయిపోయిందనుకుని ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. నాకు చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు అద్దం అవతల నుంచి వినపడింది.

"తెకియా గెదోలా."

చిట్టచివర ఊదే మహా నిడుపాటి స్వరం, నూరోది. పిలిచిన గొంతు ఒక పక్క నుంచి గాలి పోతున్న గొంతు. ఎదురుగా బస్టాపు కింద అన్నయ్య, బస్సు డ్రైవరు టోపీ పెట్టుకుని. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఎప్పుడొచ్చినా మొదటి నుంచీ లెక్కపెట్టాడు, లేకపోతే ఇది నూరోదని ఎలా తెలుస్తుంది. నావైపు చూడలేదు. నేను పిలిచినప్పుడు వాడు కళ్ళు మూసుకుంటాడు, అలాగే కళ్ళు మూసుకుని పిలిచాడు.

నూరోది ఏడ్చాను. దాన్ని గురించి రాయను. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి, అంతవరకు రాస్తాను. ఏడు నెలల తర్వాత.

అద్దం గది వెనక తలుపు తీసుకుని బయటికి వస్తే, గోడ పక్కన డార్లీన్ నిలబడి ఉంది. కోటు గుండీలన్నీ పెట్టుకుని, చేతిసంచీ రెండు చేతులతో పట్టుకుని. అద్దం మీద వాక్యం చదివిందని మొహం చూస్తే తెలిసింది. అన్నయ్య వీధి దాటి వచ్చాడు. ఆమె ఎవరో నేను చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. అన్నయ్య ఎవరు ఎదురైనా పెదవి మీద వేలు అడ్డం పెట్టుకుంటాడు. ఆమె ముందు వేలు తీసేశాడు. ఆమె ఆ మచ్చని చాలాసేపు చూసింది.

తర్వాత ఆమె నా గౌను వైపు చూసి, "అంచు వంకరగా ఉంది. గుండుసూదులతో ఎన్నాళ్ళు తిరుగుతారు? తీసుకురండి" అంది. ఇరవై ఆరో నంబరు బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

దీపాలు వెలిగించాలి.

తిష్రీ 3, గురువారం

రెండు రోజుల పండగ నిన్న రాత్రితో అయిపోయింది.

మొన్న మంగళవారం పొద్దున అన్నయ్య కొమ్ము పట్టుకుని పీఠం దగ్గరికి వెళ్ళి, వెనక్కి తిరిగి నా బెంచీ వైపు చూశాడు. "రావేం?" అన్నాడు, అందరికీ వినపడేలా. వెళ్ళి పక్కన నిలబడ్డాను. కమిటీవాళ్ళు దగ్గారు. నా గొంతు పోయింది కాబట్టి గుసగుసగా పిలిచాను, వాడు గాలి పోయే పెదవితో ఊదాడు. కుంటివాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని నడిచినట్టుంది. చివరిది మధ్యలో మూడుసార్లు విరిగింది. మళ్ళీ పట్టుకున్నాడు. నూరయ్యాక కొమ్ము దించి, నా చెవిలో "నూరు దగ్గరే ఆపేశాం" అన్నాడు. అవును, ఆపేశాం అన్నాను.

ఇవాళ గౌను తీసుకుని సెల్కర్క్ అవెన్యూకి వెళ్ళాను. పీట ఎక్కమంది. నేను ఎక్కలేదు. కింద నిలబడే చెప్పాను. మీ అబ్బాయి పోయాడని విన్న రోజు నేను విస్కీ తాగాను, రెండు గుటకలు, మంచి పని జరిగిందని అన్నాను కూడా అని. అద్దం మీద ఉన్నది ఎవరి గురించో కాదు, నా గురించే అని. క్షమించమని అడిగాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. వీధిలో కార్లేవీ లేవు. అయినా చూస్తూనే ఉంది.

"లేదు" అంది. "నా వల్ల కాదు."

సరేనన్నాను. గౌను బల్ల మీద పెట్టేసి తలుపు దాకా వచ్చాను.

"ఎక్కడికి? పీట ఎక్కండి. సూదులు జరిగిపోయాయి, మళ్ళీ కొలవాలి" అంది. కొలిచింది. రసీదు రాసిచ్చింది. సోమవారానికి అవుతుంది, మీరే రావాలి, ఇంకెవరినీ పంపకండి అంది.

అడగడం ఒకసారి అయింది. మా లెక్కలో ఇంకా రెండున్నాయి. సోమవారం వెళ్తాను.